ఫిట్టరు నాన్న వచ్చిన వానాకాలం

ఆ ఏడు వానలు మొదలైన వారానికే మా బస్సు డిపోలో సీట్ల పని మూడింతలైంది. కిటికీల్లోంచి జల్లు కొట్టి సీట్లు తడుస్తాయి, లోపల స్పాంజి కుళ్ళుతుంది, పైన రెగ్జిన్ పగులుతుంది. పాడైన సీట్లన్నీ విప్పి తెచ్చి మా షెడ్డులో గుట్టలు పోస్తారు. మేం నలుగురు ఆడవాళ్ళం వాటికి కొత్త తొడుగులు కుట్టి, అంచులు లాగి బిగించి పంపిస్తాం. నేను చేత్తో దబ్బనం పట్టుకుని, పళ్ళ మధ్య మైనపు దారం కరుచుకుని ఉన్న సమయంలో ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పిడుగు అంటే మీరేనా అండీ?" అంది.

అవును, నేనే. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. పిడుగు అన్న పేరు మాత్రం ఎనిమిదో ఏట వచ్చింది. ఆ రోజుల్లో టీవీలో వారం వారం 'ఇల్లు ఇరకటం' అని ఒక నవ్వుల సీరియల్ వచ్చేది. మిల్లులో ఫిట్టరుగా పనిచేసే తండ్రి, ఇంట్లో చాకిరీ చేసే తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు, రెండు గదులు. కథంతా అంతే. "ఇల్లు ఇరకటం, ఆలు మర్కటం" అన్న సామెతలోంచి ఆ పేరు తీశారు. అమ్మ వేషం వేసినావిడ మొదటి రోజే, ఆ రెండో సగం ఎవరైనా పైకన్నారంటే తను ఇంటికెళ్ళిపోతానని చెప్పేసిందట. నేను కూతుర్ని. ప్రతివారం ఏదో ఒక కొంప ముంచి, చివర్లో కళ్ళు తిప్పుకుంటూ "నాకేం తెలుసు, నేను చిన్నపిల్లని" అనడం నా పని. ఆ ఒక్క ముక్కకి ఇళ్ళల్లో జనం పగలబడి నవ్వేవారు. నాలుగేళ్ళు నడిచి ఆగిపోయింది. నేను ఎదిగాను, ముఖం మారింది, మళ్ళీ ఎవరూ పిలవలేదు. కుట్టుపని నేర్చుకున్నాను. డిపోలో మాత్రం ఇప్పటికీ ఏ సీటుకు కుట్టు వంకరపోయినా ఫోర్‌మన్ నా వంక చూసి, "ఆవిడకేం తెలుసు, చిన్నపిల్ల" అంటాడు.

వచ్చినమ్మాయి డైరెక్టరు. ఆ సీరియల్‌ని ఈ కాలానికి తగ్గట్టు మళ్ళీ తీస్తున్నానని చెప్పింది. అదే ఇల్లు, అవే రెండు గదులు. పిడుగు పెద్దదైంది, పెళ్ళయింది. మొగుడు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడితే, పిల్లతో సహా ముగ్గురూ వచ్చి తండ్రి ఇంట్లో పడతారు. ఆ పిడుగు నేనే కావాలి. తండ్రిగా కూడా అప్పుడు వేసినాయనే కావాలి. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాత క్యాసెట్లు వేసుకుని చూస్తుంటే పక్కన కూర్చుని చూసేదట. వాళ్ళమ్మ ఆఫీసుల్లో నేల తుడిచే పని చేసేది. టీవీలో తమలాంటివాళ్ళు ఏడవకుండా కనిపించింది ఆ ఒక్క ఇంట్లోనేనని వాళ్ళమ్మ అనేదట. ఆ మాట విన్నాక నా నోట్లో దారం తీసి పక్కన పెట్టాను. ఇంట్లో అడిగి చెబుతానన్నాను.

మా ఇంట్లో అడగడమంటే మా అత్తయ్యని అడగడం. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మా పెళ్ళి చూపుల్లో నన్ను గుర్తుపట్టి, పిడుగంటే ఇల్లంతా నవ్వుల్తో నింపుతుందనుకుని, కొడుకుని అడగకుండానే సరే అనేసింది. తీరా చూస్తే నేను నోరు విప్పని దాన్ని. "టీవీలో చూసి కొన్న వస్తువు ఇంటికొచ్చాక ఇంతే" అని ఇరవై ఏళ్ళుగా నలుగురికీ చెబుతూనే ఉంది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ తిరుగుతాడు గానీ మాట మాత్రం ఎటూ కదలదు. మా అమ్మాయికి పదహారేళ్ళు. అమ్మ టీవీలో కనిపిస్తే క్లాసులో తన గతేం కానని దానికి బెంగ.

అత్తయ్య అంతా విని, రెండు నెలలు సెలవు పెట్టమంది. ఇల్లు తను చూసుకుంటానంది. "బస్సు సీట్లు ఎక్కడికీ పోవు. జనం కూర్చోడం మానరు, అవి చిరగడం మానవు" అని తేల్చేసింది. మా ఆయన కాసేపు గోడవైపు చూసి, ఆ ముసలాయన ఎలా ఉన్నాడో ముందు చూసి రమ్మన్నాడు. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు.

మర్నాడు డైరెక్టరమ్మాయితో కలిసి వెళ్ళాను. ఫిట్టరు నాన్న, అందరూ ఆయన్ని ఫిట్టరనే అంటారు, నేను నాన్న అని కలిపి పిలిచేదాన్ని, ఒక పిండిమర పైన గదిలో ఒక్కడే ఉంటున్నాడు. ఎవరూ లేరు. పెళ్ళి చేసుకోలేదు. కింద మర తిరుగుతుంటే పై గది నేల సన్నగా వణుకుతోంది. కిటికీ చువ్వల మీద పిండి పేరుకుంది. తలుపు తీశాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"వచ్చావా పిడుగూ, బడి అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

డైరెక్టరమ్మాయి పకపకా నవ్వింది. వెంటనే పాత్రలోకి దూకేశాడని ముచ్చటపడింది. నేనూ నవ్వాను. అంతలో ఆ అమ్మాయికి ఫోను వస్తే, మర చప్పుడుకు వినబడక కిందికి దిగి వెళ్ళింది. అప్పుడు ఆయన నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మ ఏది?"

అమ్మ వేషం వేసినావిడ పోయి రెండేళ్ళయింది. చివరి చూపుకి నేను వెళ్ళాను. ఈయనా వచ్చాడు, నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ ఏదో హాస్యానికంటున్నాడేమోనని ఆయన కళ్ళలోకి చూశాను. హాస్యం లేదు. వానలో పిల్లల కోసం ఎదురుచూసే మనిషి కళ్ళలా ఉన్నాయి.

సంతకెళ్ళిందని చెప్పాను. గొడుగు తీసుకెళ్ళిందా అన్నాడు. తీసుకెళ్ళిందన్నాను. హమ్మయ్య అనుకుని మంచం మీద కూర్చున్నాడు.

డైరెక్టరమ్మాయి మెట్లెక్కి వచ్చి, విషయమంతా చెప్పి, చేస్తారా అని ఆయన్ని అడిగింది. "చేస్తారు" అని ఆయనకంటే ముందే నేనన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. ఆయన లేకపోతే ఆ సీరియల్ ఉండదు. సీరియల్ లేకపోతే నేను మళ్ళీ షెడ్డులో కూర్చోవాలి. ముప్పై ఏళ్ళు లేని ఆశ ఒక్క రోజులో పుట్టి, నిజాన్ని మింగేసింది.

షూటింగు ఒక పాత గోడౌనులో. పైన రేకులు. వాన గట్టిగా కొడితే పని ఆపి అందరం టీలు తాగాల్సిందే. లోపల ఆ రెండు గదులూ మళ్ళీ కట్టారు. మూడు పక్కల గోడలు, నాలుగో పక్క కెమెరాలు. అదే కిటికీ, అదే గడప, తలకు తగిలే అదే అటక. కానీ ఏదో తేడా ఉంది. కాసేపటికి తెలిసింది, ఇల్లు మరీ శుభ్రంగా ఉంది. ఇరుకింట్లో తలుపు వెనక చిలక్కొయ్య ఖాళీగా ఉండదని, మంచం కింద సగం సంసారం ఉంటుందని, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి కదలకుండానే మూడు వైపులా చెయ్యి చాపి అన్నీ అందుకుంటుందని చెప్పాను. డైరెక్టరమ్మాయి పుస్తకం తీసి రాసుకుంది. పోయిన వాళ్ళమ్మని తలుచుకుని, ఆవిడున్నా ఇవే మాటలు చెప్పేదంది.

ఫిట్టరు నాన్న గోడని అరచేత్తో తడిమాడు. అటక చూసి తల వంచుకుని లోపలికి నడిచాడు. ఎవరూ చెప్పకుండానే తన కుర్చీలో కూర్చున్నాడు. అక్కడున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాకూ ధైర్యం వచ్చింది, ఈ గదులే ఆయన్ని నిలబెడతాయనుకున్నాను.

మాటలు మొదలయ్యాయి. మొదటి సీనులో ఆయన చెప్పాల్సినవి నాలుగే వాక్యాలు. మొదటిది చెప్పాడు. రెండోది రాలేదు. మళ్ళీ తీశారు. ఈసారి మొదటిది కూడా రాలేదు. తొమ్మిదిసార్లు తీశారు. ఆరోసారికి చెమటలు పట్టి, జేబులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు, ఆ వాక్యం అక్కడెక్కడో పెట్టి మరిచిపోయినట్టు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు చానెల్ పెద్దమనిషి వచ్చాడు. మంచివాడే. కోపం లేదు, కేకలు లేవు. గంటసేపు చూసి, డైరెక్టరమ్మాయిని పక్కకి పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. ఫిట్టరు ఫోటో మంచిది ఒకటి గోడకి పెడదామని, మొదటి సీనులోనే పోయినట్టు చూపిద్దామని, కాస్త కన్నీళ్ళు కూడా వస్తాయని. శుక్రవారం దాకా చూసి తేల్చమన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఫిట్టరు నాన్న పది అడుగుల దూరంలో కుర్చీలోనే ఉన్నాడు. ఆయన నన్ను పిలిచి, "ఎవరు పోయారు పిడుగూ?" అని అడిగాడు.

ఇక దాచలేకపోయాను. టీలు పెట్టే మూలకి డైరెక్టరమ్మాయిని తీసుకెళ్ళి, పిండిమర మీది గదిలో ఏం జరిగిందో చెప్పాను. నాకు ముందే తెలుసన్నాను. ఆయన మీద నమ్మకంతో చానెలు వాళ్ళకి ఆ అమ్మాయి మాటిచ్చిందట. నేను చిన్నప్పుడు అందరి కొంపా ముంచి, చివరికి నాకేం తెలుసు అనేదాన్ననీ, ఇప్పుడు తెలిసీ ముంచాననీ అంది. వాన రేకుల మీద పడుతుంటే ఇద్దరం చెరో గ్లాసు పట్టుకుని నిలబడ్డాం. చివరికి ఆ అమ్మాయే, శుక్రవారం దాకా టైముంది కదా, ఏం చేయగలరో చేయమంది.

నేను చేయగలిగింది ఒక్కటే తోచింది. ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చాను.

తలుపు దగ్గర మా ఆయన ఎదురయ్యాడు. ఫిట్టరు నాన్నని చూశాడు, నన్ను చూశాడు, ఆయన చేతిలో సంచి అందుకుని లోపల పెట్టాడు. ముందే చూసి రమ్మన్నానుగా అని ఒక్క మాటంటే నేను అక్కడే కూలబడేదాన్ని. అనలేదు. మా అమ్మాయి తన మంచం ఖాళీచేసి నాయనమ్మ పక్కకి చేరింది. అత్తయ్య మాత్రం మూతి ముడుచుకుంది. ఆవిడ కుర్చీలో ఆయన కూర్చున్నాడు మరి.

రెండు రోజులు కుస్తీ పట్టాం. మా అమ్మాయి కాగితాలు పట్టుకుని వాక్యం చెప్పడం, ఆయన పలకడం, మరుక్షణం మర్చిపోవడం. నేను నేర్పితే ఇంకా అన్యాయం, నా ముఖంలో భయం చూసి ఆయన మరింత తడబడేవాడు. మధ్యమధ్యలో అమ్మ ఏది అని అడిగేవాడు. సంతకెళ్ళిందని నేను చెప్పేదాన్ని. నన్ను చూసి మా అమ్మాయీ అదే చెప్పడం నేర్చుకుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. బుధవారం సాయంత్రానికి కాగితాలు మడిచి పక్కన పెట్టేశాను. ఆయన అలిసిపోయి కూర్చున్నాడు. అత్తయ్య ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతోంది. మా ఆయన అప్పుడే పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. ఉన్నట్టుండి అత్తయ్య తల ఎత్తకుండానే, సీరియల్లో మిల్లు నిజమైనదన్నట్టు అంది.

"ఏం ఫిట్టరూ, మీ మిల్లు మూసేసి ఇరవై ఏళ్ళయింది, ఇంకా ఆ నూనె మరకల చొక్కా వదలవా?"

"మిల్లు నన్నొదిలిందమ్మా, నూనె వదల్లేదు" అన్నాడాయన.

అత్తయ్య కత్తి ఆగింది. ఆయన వంక ఒకసారి చూసి, వదిలిపెట్టే రకం కాదు కదా, మళ్ళీ అందుకుంది. టీవీలో అంత వాగిన పిల్ల తన ఇంటికొచ్చి మూగదైపోయిందేమని అడిగింది.

"వాగుడు ఉద్యోగం ఇంటికొకటే ఉంటుంది. నీ ఇంట్లో అది ఖాళీ లేదేమో, చూసుకో" అన్నాడు.

మా పెళ్ళయ్యాక అత్తయ్య బదులు చెప్పలేకపోవడం నేను చూడడం అదే మొదలు. తర్వాత ఆవిడ నవ్వింది. ఒళ్ళో కూరగాయలు కిందపడేలా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆయన కూడా నడుం నిటారుగా చేసి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ కిందటి ఫిట్టరు, అచ్చం. ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ ఒకరి మీదొకరు విసురుకుంటూనే ఉన్నారు. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నేలమీద దొర్లింది.

మా ఆయన ఒక చెప్పు విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి వింటున్నాడు. నేను కాళ్ళకి నీళ్ళిస్తుంటే అన్నాడు. "లిఫ్టు తనంతట తను పైకి రాదు. కింద చెడిపోయిందేమో అని అందరూ కంగారుపడతారు. పైనున్నవాడు బటన్ నొక్కాలి, అంతే. ఆయన్ని చెప్పమనకండి, అడగండి."

మా ఆయన అంత పొడుగు మాట మాట్లాడ్డం కూడా అరుదే. నేను అక్కడే నిలబడి డైరెక్టరమ్మాయికి ఫోను చేశాను. ఆ అమ్మాయి అరగంటలో వచ్చింది. అత్తయ్య, ఫిట్టరు నాన్న మళ్ళీ తగువులాడుకుంటుంటే గోడకానుకుని కూర్చుని, పుస్తకం నిండా రాసుకుంది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది.

అయినా ఒక ముల్లు నన్ను గుచ్చుతూనే ఉంది. గురువారం పొద్దున ఆయన మనసు తేటగా ఉంది. నన్ను నా అసలు వయసుతో గుర్తుపట్టాడు, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని కూడా అడిగాడు. అప్పుడు పక్కన కూర్చుని చెప్పేశాను. నీకు మరుపు వచ్చింది నాన్నా, కెమెరా ముందు కూడా వస్తుంది, అది చూసి జనం నవ్వచ్చు, అది నాకు ఇష్టంగా లేదు, నీకిష్టం లేకపోతే ఇవాళే మానేద్దాం అన్నాను.

ఆయన కిటికీలోంచి వానని చూశాడు, ఆలోచిస్తున్నాడని ముఖమే చెబుతోంది.

"నన్ను చూసి నవ్వినవాళ్ళే నాకింత తిండి పెట్టారు. జాలిపడ్డవాళ్ళు ఒక్క పూట పెట్టలేదు" అన్నాడు. "జాలిపడేట్టు మాత్రం తియ్యొద్దని ఆ అమ్మాయితో చెప్పు."

శుక్రవారం వాన తెరిపిచ్చింది. గోడౌను రేకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది. డైరెక్టరమ్మాయి రాసిన కాగితాలు తీసి పక్కన పెట్టేసింది. చెడిపోయిన టేబుల్ ఫ్యాను ఒకటి తెప్పించి ఫిట్టరు నాన్న ముందు పెట్టించింది. మా ఆయన తన పనిముట్ల సంచి ఇచ్చి పంపాడు. సెట్టులో పెట్టిన పనిముట్లు కొత్తవని, ఎవరి చేతిలోనూ అరగని స్క్రూడ్రైవరు పరాయిమనిషిలాంటిదని అన్నాడు. సీను ఇదీ: అల్లుడికి పని లేదు, ఇల్లు ఉక్కపోత, తండ్రి ఫ్యాను బాగుచేస్తుంటాడు, పక్కన కూర్చున్న కూతురు ఈ సంసారం ఎలా గట్టెక్కుతుందని అడుగుతుంది. నేను అడుగుతూ పోవాలి. ఆయనేమన్నా దానికి తగ్గట్టు నేనే సర్దుకోవాలి. చానెల్ పెద్దమనిషి కెమెరాల పక్కన, చేతిలో కాగితాల కట్టతో నిలబడ్డాడు.

ఆయన ఫ్యాను వెనక మూత విప్పాడు. నాలుగేళ్ళు సెట్టులో ఏదో ఒకటి విప్పి బిగించిన చేతులవి. అల్లుడికి పని దొరకట్లేదు నాన్నా అన్నాను. పని దొరక్కపోతే పోనీ, అతను దొరుకుతున్నాడుగా, మా కాలంలో పనిపోయినవాడు వారం దాకా ఇంటికే వచ్చేవాడు కాదన్నాడు. ఇల్లు సరిపోవట్లేదన్నాను. సరిపోవట్లేదని నలభై ఏళ్ళుగా అంటున్నారు, ఒక్కరైనా ఖాళీ చేశారా అన్నాడు. కెమెరా వెనకనుంచి ఎవరో ముక్కుతో నవ్వి ఆపుకున్నారు. బండి గాడిలో పడిందనుకున్నాను.

అప్పుడు స్క్రూ ఒకటి నా అరచేతిలో పెట్టి, తలెత్తి అడిగాడు.

"అమ్మ ఏది?"

డైరెక్టరమ్మాయి వైపు చూశాను. ఆపమనలేదు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. సంతకెళ్ళిందన్న మాట నాలుక చివరే ఉంది, వందసార్లు అన్నదే. ఎందుకో ఈసారి బయటికి రాలేదు. నిన్న పొద్దున నాతో మాట్లాడిన మనిషిని మోసం చేస్తున్నట్టనిపించింది.

"అమ్మ లేదు నాన్నా. పోయి రెండేళ్ళయింది."

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"నాకెవరూ చెప్పలేదే."

"చెప్పాం నాన్నా. నువ్వే వినలేదు."

ఫ్యాను రెక్కని వేలితో ఒకసారి తిప్పాడు. అది అరచుట్టు తిరిగి ఆగింది.

"వినను," అన్నాడు. "ఆవిడే స్వయంగా చెబితే ఎప్పుడైనా విన్నానా?"

నాకు నవ్వొచ్చింది. నటన కాదు, నిజంగానే వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. ఆయన నా వంక చూసి, నా అరచేతిలోంచి స్క్రూ తీసుకుని, దాని చోట దాన్ని బిగించాడు. "ఏడిస్తే ఏడువు గానీ, స్క్రూలు పారెయ్యకు" అని ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. ఆ గాలికి చానెల్ పెద్దమనిషి చేతిలో కాగితాలన్నీ లేచి మా రెండు గదుల్లోకి వచ్చి పడ్డాయి. పాపం ఆయన గాబరాగా గోడలేని వైపునుంచి లోపలికొచ్చి వంగి ఏరుకుంటున్నాడు. ఫిట్టరు నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు.

"పిడుగూ, మనింటికెవరో వచ్చారు. టీ పెట్టు."

అప్పుడు మొత్తం గోడౌను నవ్వింది. లైట్లవాళ్ళు, కెమెరావాళ్ళు, నిచ్చెన మీదున్న మనిషి, అందరూ. డైరెక్టరమ్మాయి రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. చానెల్ పెద్దమనిషి కాగితాలు గుండెకు హత్తుకుని, నవ్వు ఆగాక, నిజంగా టీ వస్తుందా అని అడిగాడు. ఫోటో సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు.

ఆ సీను అలాగే ఉంచారు. కాగితాలు ఎగిరిపడేదాకా. మిగతా పన్నెండు భాగాలూ అదే పద్ధతిలో తీశారు. మేం అడుగుతాం, ఆయన చెబుతాడు. కొన్ని రోజులు బాగా జరిగేది. కొన్ని రోజులు ఆయన కుర్చీలో కూర్చుని కిటికీవైపే చూసేవాడు, ఆ రోజు మాట్లాడని తండ్రి చుట్టూ మిగతా సంసారం నడిచినట్టు తీసేవాళ్ళం. ఇప్పటి ఇరుకిళ్ళలో అలాంటి పెద్దవాళ్ళు ఉంటారని, వాళ్ళ చుట్టూ జనం వంటలు చేసుకుంటూ, పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూనే ఉంటారని డైరెక్టరమ్మాయి అంది. జాలి మాత్రం ఎక్కడా పెట్టలేదు. మాట నిలబెట్టుకుంది.

ఆయన మళ్ళీ పిండిమర మీది గదికి వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమని కూడా ఎవరూ అనలేదు. ఒక ఆదివారం మా ఆయన, అమ్మాయి వెళ్ళి ఆయన పెట్టె తెచ్చేశారు, అంతే. డాక్టరుకి చూపించాం. మరుపు జబ్బు నిజమేనని, అయితే నెమ్మది రకమని డాక్టరు చెప్పాడు. ఒంటరిగా ఉండి రోజుకి ఒక్కపూటే తినడం, నిద్రమాత్ర వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్ళీ వేసుకోవడం దాన్ని మరింత ముదరబెట్టాయట. మూడుపూటలా తిండి పెట్టి, మాత్రలు మన చేత్తో ఇస్తే కొంత మనిషి తిరిగొస్తాడన్నాడు. నెలకల్లా వచ్చాడు కూడా. పూర్తిగా కాదు. గుండీలు సరిగ్గా పెట్టుకునేంత. మా ఆయన పేరు గుర్తుపెట్టుకునేంత. అమ్మ ఏది అన్న ప్రశ్న మూడు నాలుగు రోజులకోసారి వచ్చేది, నిజమే చెప్పేవాళ్ళం. విని, మళ్ళీ తన పనిలో పడేవాడు.

మొదటి భాగం ప్రసారమైన సాయంత్రం మా ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. డిపోలో నాతో పనిచేసే ముగ్గురూ వచ్చారు, ఫోర్‌మన్ కూడా వచ్చాడు. ముందుగా పేర్లు పడ్డాయి. డైరెక్టరమ్మాయి మాకు చెప్పకుండా ఒక పేరు చేర్చింది. 'మాట సాయం' అని వేసి, కింద మా అత్తయ్య పేరు. ఆవిడ మా ఇంట్లో విసిరిన చురకలు సగం సీరియల్లోకి వెళ్ళాయి మరి. తన పేరు చూసి అత్తయ్య నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. సీరియల్ అయ్యేదాకా ఒక్క మాట రాలేదు. ఫిట్టరు నాన్న పక్కకి వంగి, ఉద్యోగం ఖాళీ అయినట్టుందే అన్నాడు.

ఫ్యాను సీను వచ్చినప్పుడు అందరూ టీవీ వైపు జరిగారు. తర్వాత గదంతా నవ్వింది. మా షెడ్డులో నా పక్క మిషను మీద కుట్టే ఆవిడ మాత్రం నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. వాళ్ళమ్మకీ మరుపే. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదట. మర్నాడు ఫోను చేసి చెప్పింది, ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి ఆ సీను మళ్ళీ చూపించారట, వాళ్ళమ్మ ఫిట్టరుని చూసి, ఈ మనిషి అచ్చం నాలాగే ఉన్నాడే అని నవ్విందట. పిండిమర మీద నేను మింగిన నిజం ఎవరికీ గొంతుకడ్డం పడలేదు. అది నా గొప్ప కాదు, అయినా బరువు దిగింది.

వానలు వెనకపట్టాయి. నా సెలవూ అయిపోయింది. రెండో విడత ఉంటుందన్నారు, ఉన్నప్పుడు చూద్దామనుకున్నాను. తిరిగి పనిలోకి వెళ్ళే రోజు పొద్దున డబ్బా సర్దుకుని చెప్పులేసుకుంటుంటే ఫిట్టరు నాన్న గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎక్కడికని అడిగాడు. బడికా అంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను.

"డిపోకి నాన్నా."

తల ఊపాడు. "బస్సు సీట్లు కుడతావు కదూ" అన్నాడు. ఆ సంగతి ఆయనకి నేనెప్పుడూ పనిగట్టుకుని చెప్పలేదు. ఇంట్లో ఉండి, మా మాటలు విని, తనే తెలుసుకుని, తనే గుర్తుపెట్టుకున్నాడు.

అవునన్నాను.

"మెత్తగా కుట్టు. పనిచేసి అలిసిపోయినవాళ్ళు కూర్చుంటారు" అన్నాడు.

అలాగే నాన్నా అని చెప్పి, బస్సుకి టైమవుతోందని గబగబా నడిచాను.